పిల్లల తల్లికి ఖాళీ ఎక్కడుంది?

ప్రభుత్వ లెక్కల్లో ఇంట్లో ఉండే తల్లి రోజు తెల్లవారుజామున 4 గంటలకు మొదలవుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో ఒకసారి, 2024లో మరోసారి దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఎంపిక చేసిన ఇళ్లలో ఆరేళ్లు, ఆపైన వయసున్న ప్రతి ఒక్కరి గురించీ అడిగింది ఒకటే: నిన్న ఉదయం 4 నుంచి ఇవాళ ఉదయం 4 దాకా ఏమేం చేశారు? ఆ 24 గంటలనూ అరగంటకొక గడి చొప్పున విడదీసి, ఒక్కో గడిలో ఏం పని జరిగిందో రాసుకున్నారు.

ఆ లెక్క ప్రకారం 2024లో ఇంటిపని చేసిన ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెట్టారు, మగవాళ్లు 88 నిమిషాలు. ఇంట్లో పిల్లల్నీ పెద్దవాళ్లనీ చూసుకోవడానికి ఆడవాళ్లు 137 నిమిషాలు, మగవాళ్లు 75. ఈ అంకెలు పేపర్లలో వచ్చినప్పుడు అందరూ ఆడా మగా తేడా గురించే మాట్లాడారు. ఆ తేడా చిన్నదేం కాదు, మాట్లాడాల్సిందే. కానీ పసిపిల్లలతో ఇంట్లో ఉండే తల్లికి ఇవే అంకెలు చూపిస్తే ఆమెకు వచ్చే అనుమానం వేరు. ఇంటిపని ఐదు గంటలకు కాస్త తక్కువ, పిల్లల పని రెండుంపావు గంటలు, కలిపి ఏడు గంటల చిల్లర. (రెండు సగటులను ఇలా కలపడం గణాంకశాస్త్రం ఒప్పుకోదు, అందులో పసిపిల్లలు లేని ఇళ్లూ ఉన్నాయి. అయినా చదివిన మనిషి మనసులో వేసుకునే లెక్క ఇదే.) ఎనిమిది గంటలు నిద్రకు తీసేసినా ఇంకా తొమ్మిది గంటలు మిగలాలి. అంత తీరిక ఏ పసిపిల్లల తల్లికీ లేదు. మరి ఆ తొమ్మిది గంటలూ ఏమయ్యాయి?

ఒక్క అరగంటను దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకుందాం. పెద్దవాడికి మూడేళ్లు నిండబోతున్నాయి, చిన్నదానికి పది నెలలు. ఉదయం పదిన్నర. తల్లి కందిపప్పు కడిగి కుక్కర్‌లో పెట్టి, దొండకాయలు తరగడానికి కూర్చుంది. నాలుగు కాయలు తరిగేసరికి చిన్నది పాక్కుంటూ వచ్చి కింద పడ్డ కందిబద్ద నోట్లో వేసుకుంది. కత్తిపీట పక్కకు పడుకోబెట్టి, వేలు పెట్టి ఆ బద్ద బయటికి తీసింది. అంతలో పెద్దవాడు ‘అమ్మా, అయిపోయింది’ అని బాత్‌రూమ్‌లోంచి పిలిచాడు. చిన్నదాన్ని చంకనెత్తుకునే వెళ్లి వాడికి కడిగి, నిక్కరు తొడిగేలోపు కుక్కర్ మూడో విజిల్ వేసింది. స్టవ్ కట్టేసి వచ్చేసరికి కాలింగ్ బెల్. పార్సిల్ తీసుకుని తలుపు వేస్తుంటే చిన్నది కళ్లు నులుముకుంటూ ఏడుపు మొదలుపెట్టింది, నిద్ర వేళ. భుజాన వేసుకుని జోకొడుతూ అటూ ఇటూ తిరుగుతోంది. పెద్దవాడు క్రేయాన్ తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. గట్టిగా అరిస్తే చిన్నది లేస్తుంది, ఊరుకుంటే గోడంతా గీతలు. పదకొండైంది. పప్పు ఉడికింది, దొండకాయలు సగం తరిగినవి తరిగినట్టే ఉన్నాయి, చిన్నది నిద్రపోయిందో లేదో పక్క మీద వేస్తేగానీ తెలియదు.

ఈ అరగంటలో ఆమె చేసిన పనులు ఏడెనిమిది ఉంటాయి. బహుశా ఒక్కటీ పది నిమిషాలు సాగలేదు. అరగంట గడిలో ఒకటికంటే ఎక్కువ పనులు జరిగితే, కనీసం పది నిమిషాలు సాగినవాటినే విడివిడిగా రాయాలన్నది సర్వే నియమం. నియమంలో తప్పేం లేదు, లేకపోతే ఏ సర్వే తెమలదు. కానీ మర్నాడు ఎవరైనా వచ్చి ‘నిన్న పదిన్నర నుంచి పదకొండు దాకా ఏం చేశారమ్మా’ అని అడిగితే ఆమె ‘వంట’ అంటుంది. ఆ గడిలో వంట అనే పడుతుంది. వంట మాత్రమే అయితే ఆ పప్పూ దొండకాయలూ పదిహేను నిమిషాల పని.

సర్వే వాడే వర్గీకరణ ఐక్యరాజ్యసమితి 2016లో తయారుచేసింది. అందులో పిల్లలకు తినిపించడం, చదువు చెప్పడం, ఆడించడం వంటివాటికి వేర్వేరు కోడ్‌లు ఉన్నట్టే, ఊరికే వాళ్లను కనిపెట్టుకుని ఉండడానికీ ఒక కోడ్ ఉంది. అంటే ఈ పని ఉందని నిపుణులకు తెలుసు. చిక్కంతా చెప్పేవాళ్ల దగ్గర వస్తుంది. కూర తరుగుతూనో బట్టలు మడతపెడుతూనో ఒక చెవి పక్క గదిలో వేసి ఉంచడాన్ని ఏ తల్లీ తాను చేసిన పనిగా చెప్పుకోదు. అడిగేవాళ్లకూ తోచదు. పక్క గదిలో చప్పుడు లేకపోతే ఇంకా భయం, వాడేదో చేస్తున్నాడని అర్థం. ఆ ధ్యాస పొద్దున లేచిన దగ్గర నుంచి పిల్లలు పడుకునేదాకా తెగదు. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. తిప్పి చూస్తే వాళ్లు మెలకువగా ఉండేది 10 నుంచి 13 గంటలు. లెక్కల్లో కనబడని తొమ్మిది గంటలూ ఇక్కడున్నాయి.

ఇద్దరు పిల్లలుంటే కునుకులు కలవవు. ఒకరు లేచే వేళకు ఇంకొకరు పడుకుంటారు. ఇద్దరూ ఒకేసారి పడుకున్న అరుదైన ముప్పావు గంటలో అంట్లు, బట్టలు, తన భోజనం వరుసలో నిలబడి ఉంటాయి. ‘పిల్లలు పడుకున్నప్పుడు నువ్వూ కాసేపు నడుం వాల్చు’ అని పెద్దవాళ్లు ప్రేమతోనే చెప్తారు. పుట్టింట్లో ఉన్నన్నాళ్లు అది కుదురుతుంది కూడా. బాలింతకు అమ్మ పత్యం వండి పెడుతుంది, బిడ్డకు నూనె రుద్ది నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేసేది ఇంకొకరు, రాత్రి ఏడిస్తే ఎత్తుకునే చేతులు మరో రెండు ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఒక్కోసారికి ఇరవై నిమిషాలు వేసుకున్నా రెండు గంటల నలభై నిమిషాల నుంచి నాలుగు గంటలు పాలివ్వడానికే పోతాయి. అయినా ఆ నెలలు గడిచిపోతాయి, ఎందుకంటే మిగతా పనేదీ ఆమెది కాదు. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని అత్తగారింటికో, భర్త ఉద్యోగం చేసే ఊరికో వచ్చిన రోజున ఆ చేతులన్నీ ఒక్కసారిగా పోతాయి. పిల్ల పని తగ్గలేదు, రాత్రి నిద్ర కుదురుకోలేదు, ఇంటిపని మొత్తం వచ్చి చేరింది. చాలామంది తల్లులు మొదటి ఏడాదిలో అన్నిటికంటే కష్టమైన రోజులుగా గుర్తుంచుకునేది పురుడు కాదు, ఈ రావడం.

చేతి పనికంటే కనబడనిది గుర్తుపెట్టుకునే పని. ఆలిసన్ డామింజర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 2019లో ప్రచురించిన పరిశోధనలో, ఇల్లు నడపడంలోని ఆలోచనను నాలుగుగా విడదీసి చూపించారు. రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయం తీసుకోవడం, ఆ తర్వాత అది సవ్యంగా జరిగిందో లేదో చూసుకోవడం. ఆమె మాట్లాడిన జంటల్లో నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ కూర్చుంటున్నారు. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయి.

మన ఇళ్లలో దీనికి టీకాలకంటే మంచి ఉదాహరణ దొరకదు. ప్రభుత్వ పట్టిక ప్రకారం పుట్టగానే బీసీజీ, ఆరు, పది, పధ్నాలుగు వారాలకు పెంటావాలెంట్, తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్ మొదటి డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండో డోసు, దాంతోపాటు డీపీటీ బూస్టర్. ఇందులో ఇంట్లోవాళ్లు నిర్ణయించేది దాదాపు ఏమీ లేదు. నిర్ణయం ప్రభుత్వానిది, సూది వేసేది నర్సు. తండ్రి బండి మీద తీసుకెళ్లి తీసుకొస్తాడు, ‘నేనే వేయించుకొచ్చాను’ అని నిజాయితీగానే అనుకుంటాడు. కానీ పధ్నాలుగో వారం ఎప్పుడొస్తుందో, పిల్లకు జలుబు ఉంటే వేయించాలో ఆపాలో, కార్డు ఏ బీరువాలో ఉందో, ఆ రాత్రి జ్వరం వస్తుంది కాబట్టి పారాసెటమాల్ చుక్కల సీసా ఇంట్లో ఉందో లేదో చూసుకున్నది ఎవరు? ‘చెప్తే చేస్తాను కదా’ అనే మాటలో మంచితనం ఉంది. అయితే గుర్తుపెట్టుకుని, సమయం చూసి, నొప్పించకుండా చెప్పడం కూడా ఒక పనే. పని పంచుకున్నాక కూడా ఆ ముక్క ఆమె దగ్గరే ఉండిపోతుంది.

మిక్సీలు, గ్యాస్ పొయ్యిలు, వాషింగ్ మెషీన్లు వచ్చాయి కదా, మా రోజుల్లో రోట్లో రుబ్బుకున్నాం అనే పెద్దవాళ్ల మాట కొట్టిపారేయదగినది కాదు. రుబ్బురోలు, కట్టెల పొయ్యి, బావి నీళ్లు ఆ తరం ఆడవాళ్ల నడుములు విరగ్గొట్టాయి. యంత్రం వాటి నుంచి విడిపించింది. విడిపించలేనిది కనిపెట్టుకుని ఉండడం నుంచి. ఆ రోజుల్లో అమ్మ రుబ్బుతుంటే పిల్ల నానమ్మ ఒడిలోనో, పక్కింటి అరుగు మీదో ఉండేది. ఇప్పుడు పిండి పది నిమిషాల్లో నలుగుతుంది, పిల్లను పెట్టడానికి అరుగు లేదు. అలాగని ఉమ్మడి కుటుంబం గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. అక్కడ ఎత్తుకునే చేతులతోపాటు పాలు చాలడం లేదనే వ్యాఖ్యలు, ఎవరి పిల్లాడికి ముందు పెట్టారనే గొడవలు, కోడలి మీద పెత్తనాలు కూడా ఉండేవి. ఆ చేతుల బదులు ఇంకేమైనా వచ్చిందా అన్నదే అడగాల్సింది.

దీనికి చట్టాల్లో వెతికితే విచిత్రమైన ఖాళీ ఒకటి దొరుకుతుంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది, మొదటి ఇద్దరు పిల్లల వరకు. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అంటే ఉద్యోగం ఉన్న తల్లి తిరిగి ఆఫీసుకు వెళ్లే వేళకు బిడ్డకు నాలుగు నుంచి ఆరు నెలలు. రెండో కొసన అంగన్‌వాడీ ఉంది. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) కింద అంగన్‌వాడీలో కూర్చోబెట్టి ఆటపాటలు చెప్పేది మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు. మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చేది ఇంటికి తీసుకెళ్లే బాలామృతం పిండి, బరువు తూచడం, టీకాలు. అది విలువైన సాయమే, కాకపోతే పిల్లను కాసేపు చూసుకునే సాయం అందులో లేదు. ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య రెండున్నరేళ్లు పిల్లను చూసుకోవడానికి అందరికీ అందే వ్యవస్థ ఏదీ లేదు. పిల్ల పాకడం, నడవడం, ప్రతిదీ నోట్లో పెట్టుకోవడం, మెట్లెక్కడం, స్విచ్ బోర్డులో వేలు పెట్టడం, అన్నీ ఈ రెండున్నరేళ్లలోనే.

50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం (క్రెష్) పెట్టాలని అదే 2017 సవరణ చెప్పింది. గుంటూరు, ఖమ్మం వైపు మిరప కోతకు వెళ్లే తల్లికీ, ఇళ్లలో పనిచేసే తల్లికీ, చిన్న బడిలో చెప్పే టీచరమ్మకూ అది వర్తించదు. అంగన్‌వాడీలోనే క్రెష్ నడపాలన్న కేంద్ర పథకం పాల్నా పేరుతో ఉంది, కానీ చాలా ఊళ్లలో తల్లులకు ఇంకా అలాంటి కేంద్రం అందుబాటులో లేదు. ఊరి నడిబొడ్డున ప్రైవేటు డేకేర్లు ఉన్నాయి. అక్కడ లెక్క ఇంటింటికీ ఒకేలా సాగుతుంది. జీతంలోంచి డేకేర్ ఫీజు, ఆటో, బయటి తిండి, పిల్లకు జ్వరం వస్తే పోయే జీతం తీసేస్తే ఏం మిగులుతుంది? ఆ ఖర్చంతా ఆమె జీతం లోంచే తీస్తారు, ఆయన జీతం లోంచి ఎవరూ తీయరు. మిగిలేది తక్కువని తేలాక ‘మూడేళ్లు ఇంట్లో ఉంటే సరిపోతుందిలే’ అంటారు. ఇష్టపడి, సంతోషంగా ఇంట్లో ఉన్న తల్లులు చాలామంది ఉన్నారు, వాళ్ల నిర్ణయానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. అయితే ఇంట్లో ఉన్న ప్రతి తల్లీ కోరుకునే ఉందనుకుంటే ఈ రెండున్నరేళ్ల ఖాళీ గురించి ఎవరూ ఆలోచించరు.

అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో ఇదే కథ వీసా రూపంలో నడుస్తుంది. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద వెళ్లిన భర్తతో, కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్యకు పనిచేసే అనుమతి 2015 మే వరకు లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే దొరుకుతుంది. ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ ఉద్యోగం చేసి వెళ్లిన అమ్మాయి అక్కడ పసిపిల్లలతో ఇంట్లో ఉంటుంది. పురుటికి వెళ్లిన అమ్మకో అత్తగారికో విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలే ఉండే వీలు. ఇక్కడ మూడో నెలలో జరిగేది అక్కడ ఎయిర్‌పోర్టులో జరుగుతుంది.

ఇంత పనికి విలువ కట్టిన చోటు ఒకటుంది, కోర్టు. అదీ ఎక్కువగా ఆమె చనిపోయాక. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2001లో మధ్యవయసు గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయల విలువ కట్టింది. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే ఆడవాళ్లను బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి పని చేయనివాళ్ల కింద చూపించడాన్ని 2010లో అదే కోర్టు తప్పుపట్టింది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఈ విషయం మీద విడిగా తీర్పు రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ప్రధాన వృత్తి అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్ల మంది అని, మగవాళ్లు 58 లక్షల లోపేనని ఆయన అందులో గుర్తుచేశారు. కృష్ణా జిల్లా రైతు కుటుంబం నుంచి వెళ్లిన న్యాయమూర్తి, ఊళ్లో ఆడవాళ్లు ఇంటిపనితోపాటు పొలం పని, పశువుల పని ఎలా చేస్తారో కూడా రాశారు.

బతికి ఉన్న గృహిణికి సంబంధించి ఎక్కువగా ప్రస్తావించాల్సింది 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పు. భర్త సౌదీలో పనిచేసి డబ్బు పంపాడు, భార్య ఇక్కడ పిల్లల్ని పెంచి ఇల్లు నడిపింది. ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో ఆమెకూ సమాన వాటా ఉందని కోర్టు చెప్పింది. ఆమె ఇంటిని చూసుకోకపోతే ఆయన అంత నిశ్చింతగా సంపాదించగలిగేవాడు కాదన్నది అందులోని తర్కం. నిజామాబాద్, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లన్నిటికీ ఇది అక్షరాలా తగిలే మాట. అయితే ఇది ఒక హైకోర్టు ఒక కేసులో చెప్పినది, మన దగ్గర భార్యలందరికీ దానంతటదే వచ్చే హక్కు మాత్రం కాలేదు.

మనసు సంగతి తక్కువ మాటల్లో చెప్పినా చెప్పక తప్పదు. 2021లోనూ 2022లోనూ దేశంలో ఆత్మహత్య చేసుకున్న మహిళల్లో సగానికి పైగా గృహిణులేనని జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) నివేదికలు చెప్తున్నాయి. కారణాలు రకరకాలు, వాళ్లంతా పసిపిల్లల తల్లులూ కారు. కానీ కాన్పు తర్వాత వారాల తరబడి ఏడుపు రావడం, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోవడం, నిద్ర దొరికినా పట్టకపోవడం బద్ధకమో పొగరో కాదు, వైద్యం ఉన్న జబ్బు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక తండ్రులు. 2024 సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల మగవాళ్లలో ఇంట్లోవాళ్ల సంరక్షణలో పాలు పంచుకున్నవాళ్లు 21.4 శాతం, ఆడవాళ్లలో 41 శాతం. ముందు చెప్పిన 75 నిమిషాలు ఆ పనికి చెయ్యి వేసిన మగవాళ్ల సగటు మాత్రమే, చెయ్యి వేయనివాళ్లు అందులో లేరు. చెయ్యి వేసేవాళ్లలో కూడా ఎక్కువమంది చేసేది పిల్లల్ని ఆడించడం, సాయంత్రం బయటికి తిప్పడం. పిల్లలకు అది కావాలి, నాన్నతో ఆడిన ఆట పిల్లలకు ఇంకెవరితోనూ రాదు. తల్లికి మాత్రం ఆ అరగంటలో వంటింట్లో ఇంకో పని తెములుతుంది, అంతే. ధ్యాస ఆమె మీద నుంచి దిగదు, ఎందుకంటే ఆకలేసినా దెబ్బ తగిలినా పిల్లలు మళ్లీ ఆమె దగ్గరికే వస్తారు.

కొన్ని ఇళ్లలో దీన్ని సులువుగానే మార్చుకున్నారు. అక్కడ తండ్రి పనులు పంచుకోలేదు, పూటలు పంచుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పిల్లలు ఆయన పూచీ. ఆమె ముందే గుజ్జన్నం కలిపి పెట్టి వెళ్లదు, డైపర్లు ఎక్కడున్నాయో చెప్పి వెళ్లదు, ఆయన వెతుక్కుంటాడు. టీకా కార్డు కూడా అలాగే, ఒక బిడ్డ కార్డు పూర్తిగా ఆయన దగ్గర ఉంటుంది, తేదీ చూసుకోవడం దగ్గర నుంచి రాత్రి జ్వరం చూసుకోవడం దాకా. మొదటి రెండు మూడు వారాలు ఫోన్లు వస్తాయి, చిన్నది ఏడుపు ఆపడం లేదని. ఆ తర్వాత తగ్గిపోతాయి. ఆ మూడు గంటల్లో ఆమె పడుకుంటుందా, చెల్లెలి ఇంటికి వెళ్తుందా, ఊరికే కూర్చుంటుందా అని ఎవరూ అడగరు.